కింది గది సంగతి దొంగకు తెలియదు

ఈ వ్యాసంలో మీకు ఒక్క తేదీ కూడా కనిపించదు. నన్ను ఎరిగినవారు ఈ మాట నమ్మరు. కొత్త చీపురు కొన్నా దాని పిడి మీద కొన్న తేదీ రాసిపెట్టే మనిషినని మా ఇంటివాళ్లు నలుగురిలో నన్ను ఎగతాళి చేస్తుంటారు. తేదీ, అంకె, ఈ రెండింటినీ తప్ప మూడోదాన్ని నమ్మకుండా ఉద్యోగమంతా చేశాను. చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. అయినా ఇక్కడ తేదీ వేయడం లేదు. వేస్తే, ఆ వారంలో మా ఊరి దాజీ పేట్‌లో ఎవరింట నిశ్చితార్థం జరిగిందో మా వాళ్లు మధ్యాహ్నం లోపల తేల్చేస్తారు, సాయంత్రానికి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి "ఏంది కథ?" అని అడుగుతారు. రెండు కుటుంబాలూ ఇప్పుడు సుఖంగా ఉన్నాయి. వారిని అల్లరిపెట్టే హక్కు నాకు లేదు. అందుచేత పేర్లూ లేవు, తేదీలూ లేవు. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

సోలాపూర్ పాతబస్తీలో, కొంతం చౌక్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక లాడ్జికి నేను పదవీ విరమణ దాకా మేనేజరుగా పనిచేశాను. అంతకుముందు ఒక తువ్వాళ్ల కార్ఖానాలో సరుకు పంపించే విభాగంలో గుమాస్తాను. రెండు ఉద్యోగాలకూ పెద్ద తేడా ఉండదని మొదట్లో అనుకున్నాను. అక్కడ తువ్వాళ్ల కట్టలు, అంటే బేళ్లు, వచ్చి పోయేవి, ఇక్కడ మనుషులు వచ్చి పోతారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అన్నదే కదా లెక్క. తేడా ఏమిటో తర్వాత తెలిసింది. బేలు అలగదు.

మా లాడ్జికి తువ్వాళ్లూ చద్దర్లూ కొనడానికి వచ్చే వ్యాపారులు దిగేవారు. తుల్జాపూర్, పంఢర్‌పూర్ వెళ్లే యాత్రికులు దిగేవారు. వీరు కాక మూడో రకం వారు మా సొంతవాళ్లు. మా తాతల కాలంలో తెలంగాణ విడిచి మగ్గాల వెంట ఇక్కడికి వచ్చిన కుటుంబాలు మావి. ఊరు మారినా సంబంధాలు మాత్రం ఇప్పటికీ అటువైపే వెతుకుతాం. వియ్యాలవారు వస్తే ఇంట్లో పడుకోబెట్టాలని ఉంటుంది కానీ, ఇంట్లో సగం మగ్గాలే ఆక్రమించి ఉంటాయి. కాబట్టి చుట్టాలకు మా లాడ్జి.

లాడ్జి యజమానిని అందరమూ సేఠ్ అనేవాళ్లం. ఆయన తండ్రి కూడా మగ్గం మీద కూర్చున్నవాడే. కాలంతో పాటు నడవాలని చెప్పి సేఠ్ మా లాడ్జిని ఒక బుకింగ్ యాప్‌లో పెట్టించాడు. అప్పటినుంచి దేశంలో ఎక్కడివాడైనా ఫోనులోనే గది తీసుకోవచ్చు. డబ్బు వచ్చాక కౌంటర్ దగ్గర ఇవ్వవచ్చు. సేఠ్ మాత్రం పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టకముందే, యాప్‌లో తన లాడ్జికి ఎన్ని స్టార్లు మిగిలాయో చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇది గుర్తుంచుకోండి. దొంగ లోపలికి వచ్చింది ఈ స్టార్ల సందులోంచే.

ఒక మధ్యాహ్నం దాజీ పేట్ నుంచి ఒక పవర్‌లూమ్ యజమాని వచ్చి నా కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించాడు. నాకంటే చిన్నవాడు, పాత పరిచయస్థుడు. అతని కొడుక్కి సిరిసిల్లలో సంబంధం కుదిరింది. పిల్ల తండ్రికి కూడా అక్కడ మగ్గాలే. నిశ్చితార్థం, అంటే ఇక్కడి మరాఠీవాళ్లు సాఖర్‌పుడా అనేది, సోలాపూర్‌లోనే పెట్టుకున్నారు.

"అన్నా, నీ కంప్యూటర్‌ల సిరిసిల్లోళ్లు ఎవరన్న రూములు దీస్కున్నరా?"

చూశాను. పిల్ల మేనమామ పేరు మీద మూడు గదులు ఉన్నాయి. ఆయన హైదరాబాదులో ఉద్యోగి.

"మూడు దీస్కున్నరు. పైసలు వచ్చినంక ఇస్తరట."

"సూడు. మా ఊరికి సాఖర్‌పుడాకు వచ్చుకుంట రూములు వాళ్లే దీస్కున్నరు. నేను ఊర్ల లేనా?"

"ఆన్‌లైన్‌ల తీసుకున్నరు. ఇప్పటి పద్ధతి అదే."

"పద్ధతి నీ కంప్యూటర్‌ది. ఇజ్జత్ నాది."

తర్వాత గొంతు తగ్గించి తన ఏర్పాటు చెప్పాడు. వాళ్లు గదులు ఖాళీ చేసేటప్పుడు డబ్బు తీసుకోకూడదు. అంతా తాను చూసుకుంటాడు. ఈ సంగతి ముందుగా తెలిస్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు కాబట్టి చెప్పకూడదు. ఇంకొకటి:

"కింద వాకిలి పక్కది ఒక రూము ఉండనియ్యి అన్నా. పిల్ల నాయినకు మోకాళ్లు నొస్తున్నయి. పిల్లను చూడనీకి పోయినప్పుడు చూసిన, మెట్టు ఎక్కుకుంట గోడ పట్టుకుండు. ఎవ్వరికి చెప్తలేడు పాపం. నేను గూడ చూడనట్టే ఉన్న."

మాది లిఫ్టు లేని కట్టడం. మేనమామ తీసుకున్న మూడు గదులూ మేడ మీదివే. నేను అలవాటు ప్రకారం పెన్ను తీశాను.

"రాయకు," అన్నాడు. "రాస్తే ఎవరన్న చదువుతరు."

నా ఉద్యోగ జీవితంలో నాకు అంత కష్టమైన ఆదేశం ఇంకెవరూ ఇవ్వలేదు. అయినా మాట ఇచ్చాను. గది సిద్ధం చేయవలసినావిడకు మాత్రం చెప్పక తప్పలేదు. ఆమె మా లాడ్జిలో గదుల పని చూసేది. పూర్వం బీడీలు చుట్టేది; ఊరి బయట బీడీ కార్మికుల కుంభారి కాలనీలో ఇల్లు వచ్చాక రోజూ బస్సులో వచ్చేది. సంగతి విని, "ఎత్తు మంచం వేస్త కాకా. స్నానాల రూముల కుర్సీ పెడ్త," అన్నది. ఆ నాలుగో గది అలా ముగ్గురి నోళ్లలో తప్ప ఎక్కడా లేకుండా ఉండిపోయింది.

నిశ్చితార్థం ఇంకా రెండు రోజులు ఉందనగా పొద్దున్నే కౌంటర్ ఫోను మోగింది. పిల్ల మేనమామ.

"మా మూడు రూములు క్యాన్సిల్ చేయండి."

గొంతులో కోపం లేదు. అంతకంటే చెడ్డదైన మర్యాద ఉంది.

"కారణం ఏమని రాయాలె సార్?"

"కారణం మీరే పంపిండ్రు కద, నిన్న."

చదవమన్నాను. చదివాడు. కార్డు ధ్రువీకరణ కాలేదట. మర్నాడు సాయంత్రంలోగా కింద ఇచ్చిన లింకు నొక్కి మొత్తం అద్దె చెల్లించి ధ్రువీకరించకపోతే గదులు ఇతరులకు కేటాయించబడునట. ధ్రువీకరణ అయిన వెంటనే ఆ సొమ్ము వాపసు చేయబడునట. చివర మా లాడ్జి పేరు. యాప్‌లో మేము ఇంతకుముందు ఆయనకు స్వాగతం చెబుతూ రాసిన సందేశం ఉంది కదా, సరిగ్గా దాని కిందే ఇదీ వచ్చింది.

నేను స్క్రీను తెరిచి ఒక్కొక్కటే సరిచూశాను. ఆయన పేరు సరిగ్గా ఉంది. బుకింగ్ నంబరు సరిగ్గా ఉంది. వచ్చే తేదీ, వెళ్లే తేదీ, గదుల సంఖ్య, అద్దె, అన్నీ పైసాతో సహా సరిగ్గా ఉన్నాయి. ఆ ఫోను నా చేతిలో ఉండి, నేనే ఆ అతిథినై ఉంటే, లింకు నొక్కి ఉండేవాణ్ణి. ఈ మాట చెప్పడానికి నాకేమీ నామోషీ లేదు. నేను జీవితమంతా ఏ సాక్ష్యం అడిగానో ఆ సాక్ష్యమంతా అందులో ఉంది.

ఒక్క చోట మాత్రం నాకు అడ్డం తగిలింది. మొత్తం అద్దె కట్టకపోతే ఆ మూడు గదులూ ఇతరులకు ఇచ్చేస్తామంటోంది ఆ సందేశం. కానీ ఈ చుట్టాల దగ్గర అద్దె తీసుకోనని నేను మాట ఇచ్చి ఉన్నాను. పైగా ఇప్పుడు వాళ్లకున్నవి నాలుగు గదులు. మా లాడ్జిలో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి ఎవరైనా ఇలా రాయగలడా? రాసినవాడికి కంప్యూటర్లో ఉన్నదంతా తెలుసు. కంప్యూటర్లో లేనిది ఒక్క ముక్క కూడా తెలియదు. అంటే వాడు మా కౌంటర్ వెనక కూర్చున్నవాడు కాదు. మా కంప్యూటర్‌లోకి దూరినవాడు.

"సార్, ఆ లింక్ నొక్కకుండ్రి. అది మేం పంపింది కాదు."

ఆయన నవ్వాడు. "మీ లాడ్జి పేరు మీద, మీ యాప్‌ల, నా బుకింగ్ నంబరుతోటి వచ్చింది. ఇప్పుడు మీరు కాదంటున్నరు. దొంగ అదా, మీరా? నాకెట్ల తెలవాలె?"

న్యాయమైన ప్రశ్న.

"ఈ ఫోన్ నంబర్ మీకు ఎక్కడిది? ఆ మెసేజ్‌ల ఉందా?"

"లేదు. మా వియ్యంకుడు ముందుగాలనే ఇచ్చిండు."

"గందుకే నమ్మొచ్చు అంటున్న. దొంగ ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేస్తే దొంగే ఎత్తుతడు."

కొంచెం మెత్తబడ్డాడు. తర్వాత అసలు సంగతి బయటపడింది.

"పైసల సంగతి కాదు సార్. ఆ లాడ్జి మీ ఊరోళ్లది, మా వియ్యంకుడు మీకు దోస్తు అని మాకు ఎరుకే. వాళ్లకు చెప్పకుంట రూములు దీస్కున్నమని కోపమొచ్చి ఇట్ల చెప్పించిండ్రు అనుకున్నం. మా బావ మనసు ఇరిగింది. ఆడ ఉండుడు వద్దు, ఫంక్షన్ చూసుకొని సాయంత్రమే వచ్చేద్దాం అంటున్నడు."

"ఒక్క ఫోన్ చేసి వియ్యంకున్ని అడిగితే అయిపోవు కద."

"ఏమని అడుగుతం సార్? రూము పైసలు మీరు అడిగిపిచ్చిండ్రా అనా? గట్ల అడిగినంక పిల్లను ఏ మొఖంతోటి ఇస్తం?"

మా వాళ్లలో ఇది అలిఖిత శాసనం. సంబంధం కుదిరిన నాటినుంచి పెళ్లి అయ్యేదాకా వియ్యంకులు ఒకరినొకరు డబ్బు ప్రశ్న వేయకూడదు, వేస్తే అనుమానించినట్టు. నిశ్చితార్థానికి వచ్చి, రాత్రి ఆగకుండా వెళ్లిపోవడమంటే ఇంటి గడప మీద నీళ్లు కూడా ముట్టనని చెప్పడమే. ఆ తర్వాత సంబంధం నిలిచిన సందర్భం నా ఎరుకలో లేదు. దొంగకు ఈ ఆచారం తెలియదు. వాడు ఎక్కడో కూర్చుని వందమందికి పంపిన సందేశంలో ఇది ఒకటి. కానీ మా మర్యాద వాడికి కూలి అడగకుండా పనిచేసింది.

నాకు రెండు రహస్యాలు అప్పగించి ఉన్నారు: ఒకటి డబ్బు సంగతి, రెండోది మోకాళ్ల సంగతి. మొదటిది చెబితే పిల్ల తరఫువాళ్లు చిన్నబోతారు. రెండోది నోటిలోంచి వదిలాను.

"సార్, మీరు దీస్కున్న మూడు రూములు మీద ఉన్నయి. కింద వాకిలి పక్కది నాలుగో రూము ఒకటి ఉంది, మీ బావగారికోసం. ఆయన మోకాళ్లకు మెట్లు పడవని."

ఆ చెడ్డ మర్యాద గొంతులోంచి పోయింది.

"మోకాళ్ల సంగతి మీకెవరు చెప్పిండ్రు?"

"మీ ఇంటి మెట్టు ఎక్కుకుంట ఆయన గోడ పట్టుకున్నప్పుడు, చూడనట్టు ఉన్నాయన."

అటువైపు తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"నేను లింక్ నొక్కలే సార్. నొక్కను," అన్నాడు చివరికి. "కని మా బావ నా మాట వినడు. నేను చెప్తే, పిల్లోని దిక్కు వకాల్తా తీసుకున్నవా అంటడు. వాళ్ల నోటితోటే ఒక మాట రావాలె. మేము అడిగినట్టు తెల్వద్దు."

ఫోను పెట్టేసి నేను ముందుగా సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఇల్లు తగలబడుతుంటే ముందు గ్యాసు కట్టేయాలి కదా. ఈ మధ్య యాప్‌లో వింత సందేశం ఏదైనా తెరిచారా అని అడిగాను. సేఠ్ ఫోను వంక చూశాడు, ఫ్యాను వంక చూశాడు.

"ఒక గిరాకీ రాసిండు. మన రూముల నల్లులు కుట్టినయట, వాళ్ల పాపకు దద్దుర్లు వచ్చినయట. ఫోటోలు చూడమని లింక్ పెట్టిండు. చూడకుంటే ఒక్కటే స్టార్ ఇస్తనన్నడు."

"నొక్కిండ్రా?"

"నొక్కిన. మళ్ల లాగిన్ అడిగింది. ఇచ్చిన."

"ఫోటోలు వచ్చినయా?"

"రాలే. నెట్ స్లో అనుకున్న."

కుంభారి ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ అంతా వింటోంది. "నల్లులు ఉన్నయా అని నన్ను అడగాలె గని ఫోన్‌ను అడుగుతవా సేఠ్? రోజు పరుపు ఎత్తేది నేను."

తాళంచెవి దొంగకు ఇచ్చింది అలాగన్నమాట. ముందు పాస్‌వర్డ్ మార్చాం. యాప్ కంపెనీకి తెలియజేశాం. ఇక గదులు తీసుకున్న వారందరికీ ఫోను చేసి చెప్పాలన్నాను. సేఠ్ రెండు చేతులూ ఎత్తేశాడు.

"లాడ్జి పేరు పోతది మేనేజర్ సాబ్."

"చెప్తే స్టార్ పోతది. చెప్పకుంటే పేరు పోతది."

ఆయన మంచివాడే, భయస్తుడు, అంతే. కుర్చీ లాక్కుని తానే ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, "ఉగీచ్ భయపడకుండ్రి, లింక్ మాత్రం నొక్కకుండ్రి," అని మూడు భాషల్లో చెప్పాడు. ఉగీచ్ అంటే ఊరికే అని మరాఠీ; అప్పుడు ఆయనకు ఏ భాష నోటికి వస్తే అది మాట్లాడుతున్నాడు. అందరినీ కాపాడామని రాయలేను. తుల్జాపూర్ వెళ్లవలసిన దంపతులిద్దరు అప్పటికే లింకు నొక్కి కట్టేశారు. ఆ క్షణమే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించమని, సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వమని చెప్పాం. వారు వచ్చినప్పుడు సేఠ్ అద్దె తీసుకోలేదు. వారి సొమ్ము తిరిగి వచ్చిందా లేదా నాకు తెలియదు, తెలియనిది రాయను.

సేఠ్‌ను ఫోనుకు అప్పగించి దాజీ పేట్ బయలుదేరాను.

పవర్‌లూమ్ షెడ్డులో మాట్లాడటం ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవారికి చెప్పనక్కరలేదు. ఇతరులకు చెప్పినా అర్థం కాదు. లోపల పనిచేసేవాళ్లు పెదవుల కదలిక చదివి మాట్లాడుకుంటారు. పిల్లవాడి తండ్రి నన్ను చూసి దగ్గరికి వచ్చి చెవిలో అరిచాడు.

"తెల్సిందా అన్నా? సిరిసిల్లోళ్లు ఉంటలేరట. సాయంత్రమే పోతరట. బువ్వ తిని చెయ్యి కడుక్కొని పోనీకి నేనేమన్న ఖానావళి పెట్టిన్నా?"

ఎందుకు వెళ్తున్నారో నేను చెప్పాను.

"ఏంది?"

మళ్లీ చెప్పాను. యాప్, సందేశం, దొంగ, లింకు, ఇవన్నీ మగ్గాల చప్పుడులో ముక్కలైపోయాయి.

"ఏంది?"

మూడోసారి నోరు తెరిచేలోపు అతను గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు.

పనిరోజున పట్టపగలు మగ్గాలు ఆపడం ఆ పేటలో మాటలు కాదు. కరెంటు పోతే ఆగుతాయి, ఇంట్లో ఎవరైనా పోతే ఆగుతాయి. పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి కాబట్టి కరెంటు పోలేదని అందరికీ తెలిసిపోయింది. నిమిషంలో కిటికీలోంచి ఒక ముసలామె తల కనిపించింది.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"ఎవ్వరు పోలే అత్తా," అన్నది లోపలినుంచి వస్తున్న అతని ఇల్లాలు. "ఈయనకు మాట్లాడ బుద్ధయింది."

నేను మొత్తం చెప్పాను. అతను పడుగు నూలు చుట్టిన వార్పు బీము మీద చెయ్యి వేసి విన్నాడు.

"నేను పంపిచ్చిన అనుకున్నరా? రూము పైసలు నేను అడుగుతనా?"

"వాళ్లు నిన్ను అడగలేరు. నువ్వు వాళ్లకు చెప్పలేవు. మీ ఇద్దరి మర్యాద నడుమ ఎవడో కూసొని చలి కాగుతున్నడు."

"నేను ఫోన్ చేస్తే, పిల్లోని తండ్రి ముందుగాల కిందికి దిగిండు అంటరు."

"దిగు," అన్నది ఇల్లాలు. "నీ మోకాళ్లు మంచిగనే ఉన్నయి కద."

అతను ఆమె వంక చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. చెవికి సరిగా వినబడదని స్పీకరు పెట్టడం అతని అలవాటు. అందువల్ల తర్వాతి సంభాషణకు మేమందరం, కిటికీలో ముసలామెతో సహా, సాక్షులం.

అటువైపు ఫోను ఎత్తగానే మగ్గాల చప్పుడు. సిరిసిల్ల షెడ్డు.

"బావగారూ, నమస్తే," అన్నాడు మావాడు.

"ఆఁ? వినబడతలేదు, గట్టిగ."

"నమస్తే అంటున్న."

"ఆఁ, నమస్తే నమస్తే. జర ఆగుండ్రి. మీ దిక్కు ఏంది, మగ్గాల సప్పుడు లేదు? కరెంట్ లేదా?"

"ఉంది. మీతోటి మాట్లాడనీకి బంజేసిన."

అటునుంచి మగ్గాల మోత మాత్రం వినిపించింది. తర్వాత అది కూడా ఒక్కసారిగా ఆగిపోయింది.

"మీరెందుకు బంజేసిండ్రు బావగారూ?" అని అడిగాడు మావాడు.

"మీరు బంజేస్తే నేను నడిపిస్తనా?"

రెండు ఊళ్లలో రెండు షెడ్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. మగ్గం ఆగితే ఎంత నష్టమో ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనలేదు. మావాడు సందేశం గురించి ఎత్తలేదు, లాడ్జి గురించి ఎత్తలేదు, అద్దె గురించి అసలే ఎత్తలేదు. గొంతు సవరించుకుని ఇలా అడిగాడు:

"ఏం లేదు, మా ఇంటామె అడుగుతుంది. రాత్రికి మీకు జొన్నరొట్టె చేయాల్నా, బువ్వనా అని."

"నేనెప్పుడు అడిగిన?" అని ఇల్లాలు నా వైపు తిరిగి పెదవులతోనే అన్నది.

రాత్రికి అన్న మాట అటువైపు చేరింది. ఆయన దాని బరువు తూచుకున్నాడు.

"రొట్టె," అన్నాడు. "కని జర మెత్తగ చేయమనుండ్రి. నోట్ల పండ్లు గూడ మోకాళ్ల లెక్కనే అయినయి."

కిటికీలో ముసలామె పకపకా నవ్వింది. మావాడు ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు వెళ్లి స్విచ్చి పైకి నెట్టాడు. ఇక అక్కడ మాట్లాడే అవకాశం లేదు కాబట్టి నేను నడిచి వచ్చేశాను.

వాళ్లు వచ్చారు, ఉన్నారు. పిల్ల తండ్రి కింది గదిలోకి గోడ పట్టుకోకుండా నడిచి వెళ్లాడు. ఎత్తు మంచం మీద కూర్చుని, దాన్ని చేత్తో ఒకసారి నిమిరి, కుంభారి ఆవిడను "నువ్వు వేసినవా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. వెళ్లేనాడు మేనమామ కౌంటర్ దగ్గర కార్డు తీశాడు.

"లెక్క అయిపోయింది సార్," అన్నాను.

"ఎవరు కట్టిండ్రు?"

"రాయలే."

అంతకుముందు నా నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. ఆయన కార్డు జేబులో పెట్టుకున్నాడు.

ఇలాంటి మోసాన్ని ఫిషింగ్ అంటారని, అంటే గాలం వేయడమని, తర్వాత ఫిర్యాదు రాసుకున్న సైబర్ పోలీసు అధికారి చెప్పాడు. ఈ గాలానికి ఎర వానపాము కాదు. మన సొంత బుకింగ్ నంబరే. ఇప్పుడు లాడ్జీల కౌంటర్ల దగ్గర కూర్చుంటున్న చిన్నవారికీ, ఫోనులో గదులు తీసుకుని ప్రయాణం చేసేవారికీ నేను చెప్పగలిగింది ఇదే. అంకెలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి రాసినవాడు సరైనవాడని నమ్మకండి. దొంగిలించిన అంకె కూడా సరైన అంకే. యాప్ లోపలే వచ్చింది కదా అని కూడా నమ్మకండి. ఇంట్లో దూరిన దొంగ ఇంట్లోంచే మాట్లాడతాడు. వచ్చాక ఇస్తామని ఒప్పుకున్న డబ్బును ముందే అడిగినా, సాయంత్రంలోగా అని తొందరపెట్టినా, కట్టిన సొమ్ము వెంటనే వాపసు ఇస్తామన్నా, చెయ్యి వెనక్కి తీసుకోండి. వాపసు ఇచ్చేవాడు అడగడమెందుకు? ఆ సందేశంలోని నంబరు వదిలిపెట్టి, మీరే వేరే చోట వెతికి పట్టుకున్న నంబరుకు ఫోను చేయండి. సంకోచం వద్దు. మర్యాద పోతుందని ఊరుకున్న చోటే గాలం బాగా దిగుతుంది.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక కొత్త పద్ధతి పాటించాను. ఆన్‌లైన్‌లో గది తీసుకున్న ప్రతి అతిథికీ ఫోను చేసేవాణ్ణి. రాత్రికి ఏం తింటారో, మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారో, అలాంటిదేదో ఒకటి అడిగేవాణ్ణి. జవాబును ఎక్కడా రాసేవాణ్ణి కాదు. మా పేరుతో ఏదైనా సందేశం వస్తే ఈ ముచ్చట అడగండి, చెప్పలేకపోతే అది మేము కాదు, అని చెప్పేవాణ్ణి. మొదట్లో సేఠ్ దీన్ని పిచ్చి అనుకున్నాడు. స్టార్లు పెరిగాక తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నాడు.

పెళ్లి సిరిసిల్లలో జరిగింది; విందు ఇక్కడ పెట్టుకున్నారు. విందుకు ముందు ఒక రోజు కౌంటర్ ఫోను మోగింది. మేనమామ గొంతు గుర్తుపట్టాను. నేను నోరు తెరిచేలోగానే ఆయన అడిగాడు:

"ముందుగాల ఒకటి చెప్పుండ్రి సార్. మా బావకు ఏ రూము?"

"కిందిది. వాకిలి పక్కది."

"రొట్టె?"

"మెత్తగ."

"ఆఁ. మీరే," అన్నాడు. "ఇగ రాసుకోండ్రి."

పెన్ను తీశాను. తేదీ వేశాను, పేరు రాశాను, మూడు గదులని రాశాను. నాలుగో గది రాయలేదు.